మూతెడు నీళ్ళు

ఇంట్లో నీళ్ళ సీసాలు నింపేది నేనే. పొద్దున ఆరింటికి పొయ్యి మీద చాయ్ మరుగుతుండగా మూడు సీసాలు వరసగా పెట్టి నింపుతాను. మా ఆయన సురేందర్‌ది లీటరున్నర స్టీలు సీసా, సాయంత్రం ఖాళీగా వస్తుంది. మా అమ్మాయి మనస్విని తొమ్మిదో తరగతి చదువుతోంది. దాని గులాబీరంగు సీసా పొద్దున ఎన్ని నీళ్ళతో బడికి పోతుందో సాయంత్రం అన్ని నీళ్ళతోనే తిరిగొస్తుంది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు, ఎందుకో నాకు తెలుసు కాబట్టి. మూడోది నాది. లీటరు సీసాలో పావు వంతే నింపుతాను, అదీ గటగటా తాగడానికి కాదు, మూతతో తాగడానికి. పదిన్నరకు ఒక మూతెడు, పన్నెండున్నరకు ఒక మూతెడు, అన్నం తిన్నాక రెండు. అబిడ్స్‌లో మా చీరల షాపులో పనిచేసే పదకొండుమంది ఆడవాళ్ళమూ ఇట్లాగే తాగుతాం. కొత్తగా చేరిన పిల్లకు చీర మడత పెట్టడం కంటే ముందు మేం నేర్పేది ఇదే.

ఆ రోజు నా సీసాకు మూత బిగిస్తుంటే సురేందర్ ఫోన్‌లోంచి తలెత్తకుండా అడిగాడు.

"నిన్న మూడింటికి నాంపల్లిల ఏం పని నీకు?"

తన పాత ఫోన్ నాకిచ్చినప్పుడు అందులో ఏదో నొక్కి ఇచ్చాడు. అప్పటినుంచి నేను ఎక్కడున్నా తన ఫోన్‌లో, మ్యాపు మీద, ఒక చుక్కగా కనిపిస్తాను. "నీ సేఫ్టీ కోసమే" అన్నాడు. అబద్ధమెందుకు, అప్పుడు సంతోషపడ్డాను కూడా. పెళ్ళైన పదిహేడేళ్ళకు నా గురించి ఒకరు ఫికర్ చేస్తున్నారనుకున్నాను. తర్వాత తెలిసింది, సేఫ్టీ అంటే నేను క్షేమంగా ఉన్నానో లేదో చూడటం కాదు, ఉండాల్సిన చోట ఉన్నానో లేదో చూడటం.

"చాయ్ తాగనీకె పోయిన" అన్నాను.

"అబిడ్స్‌ల చాయ్ దొరకదా? మంగళారం పోయినవ్, నిన్న పోయినవ్. పోను రాను ఇరవై ఐదు నిమిషాలు, స్టేషన్ దాక."

మూలకు కూర్చుని చింతచిగురు ఏరుతున్న మా అత్త కొండమ్మ చేయి ఆపింది. "టేషన్ కాడ ఎవరున్నరే నీకు?"

ఎవరూ లేరు. స్టేషన్‌లో ఉన్నది ఆడవాళ్ళ టాయిలెట్. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పదిహేడేళ్ళుగా ఈయన లోపలి బనీన్లు ఉతుకుతున్నాను, ఆయనకు విరేచనాలైనప్పుడు రాత్రంతా బకెట్‌తో నిలబడ్డాను, అయినా నాకూ ఒక ఒళ్ళుంది, దానికీ ఒక అవసరం ఉందని చెప్పడానికి నాకెందుకింత సిగ్గో నాకే అర్థం కాదు. చివరికి చెప్పాను, గిన్నెవైపు చూస్తూ.

"బాత్రూంకు పోయిన."

సురేందర్ నవ్వాడు. "బాత్రూంకు నాంపల్లి దాక పోతరా ఎవరన్న? గంత పెద్ద షాపుల బాత్రూం లేదా?"

"ఉన్నది."

"ఉంటే మరేంది?"

ఉంటే మరేందో చెప్పడానికి ఒక పూట పడుతుంది. మా షాపు బాత్రూం మొదటి అంతస్తులో ఉంది. గోడంతా అద్దం, చేతులు తుడుచుకోవడానికి మెత్తని కాగితాలు, తలుపు తీస్తే మల్లెల సెంటు వాసన. రోజుకు ఇరవైసార్లు నేనే దారి చూపిస్తాను. "మెట్లెక్కి ఎడమచేతివైపు మేడమ్" అని నవ్వుతూ చెప్పాలి, ట్రైనింగ్‌లో ఆ నవ్వు కూడా నేర్పారు. ఆ తలుపు మీద ఇత్తడి అక్షరాలతో 'కస్టమర్లకు మాత్రమే' అని ఉంటుంది. పనివాళ్ళకని మూడో అంతస్తులో రెండు కట్టారు. ఆడవాళ్ళదాంట్లో పోయిన దసరాకు అట్టపెట్టెలు పెట్టారు, ఇంకా తియ్యలేదు. మగవాళ్ళదానికి గొళ్ళెం లేదు. ఫ్లోర్ మేనేజర్ శ్యామ్‌సుందర్ సార్‌ను ఒకసారి మేమంతా కలిసి అడిగాం. ఆయన కోప్పడలేదు, ఎంతో ఓపికగా చెప్పాడు. "చూడున్రమ్మా, ఇంట్ల చేసుకునే పనులు ఇంట్లనే చేసుకొని రావాలె గదా." ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

పొద్దున పదికి ఎక్కితే రాత్రి ఎనిమిదికి దిగుతాం. కూర్చోకూడదు. మధ్యలో అన్నానికి అరగంట. ఆ అరగంటలో అన్నమైనా తినొచ్చు, నాంపల్లి స్టేషన్‌దాకా నడిచి వెళ్ళైనా రావొచ్చు. రెండూ కుదరవు.

ఇదంతా చెప్పానా? చెప్పలేదు. "కస్టమర్లకే అంట" అన్నాను. సురేందర్ స్టీలు సీసా బ్యాగులో పెట్టుకుంటూ తేలిగ్గా ఒక ఉపాయం చెప్పాడు.

"అయితే నీళ్ళు తక్కువ తాగు."

"మేము పొలంకాడ పొద్దుగూకేదాక ఆపుకోలేదా" అంది అత్త, మళ్ళీ చింతచిగురు అందుకుంటూ. "గిప్పటోల్లకు ఉచ్చకు గూడ టైం టేబులు."

అంతకు పదిరోజుల ముందే బస్తీ దవాఖానలో డాక్టరమ్మ నా స్కానింగు కాగితం వెలుతురుకు పట్టుకుని చూసింది. ఆ ఏడాదిలో నాకది మూడో ఇన్‌ఫెక్షన్. చలిజ్వరం, నడుంలో కత్తిపోట్లు, బాత్రూంలో కూర్చుంటే నిప్పుల మీద కూర్చున్నట్టు. ఈసారి ఎరుపు కూడా కనిపించింది. "కుడి కిడ్నీ వాచింది. నీళ్ళు తాగక నీకు నువ్వే ఎండబెట్టుకుంటున్నవమ్మా. రోజుకు మూడు లీటర్లు తాగు, ఆపుకోకు. ఇంకోసారి గిట్ల వస్తే నా దగ్గరికి గాదు, పెద్ద దవాఖానకే పోవాలె. కిడ్నీ ఉంచుతరో తీస్తరో వాళ్ళ ఇష్టం." ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే సురేందర్, "నీళ్ళు తాగనీకె గూడ డాక్టర్ చెప్పాల్నా?" అన్నాడు. ఇప్పుడు తక్కువ తాగమన్నదీ ఆయనే. రెండు మాటలకూ మధ్య తేడా ఉందని ఆయనకు తోచలేదు. తాగితే పని పోతుంది, తాగకపోతే కిడ్నీ పోతుంది. నేను ఆ రెంటి మధ్యా మూత పట్టుకుని నిలబడి ఉన్నాను.

బోరబండలో రైలెక్కాను. నాంపల్లిలో దిగి, అందరికంటే ముందు ప్లాట్‌ఫారం చివరికి పరుగెత్తి ఆ ఒక్క పనీ చూసుకుని, అక్కడినుంచి అబిడ్స్‌కు నడిచాను. రోజూ అంతే. సాయంత్రందాకా సరిపోయేలా ఒంట్లో చివరి చుక్కదాకా ఖాళీ చేసుకుని పనిలోకి ఎక్కుతాం. ఏ మగవాడైనా పనికి పోయే ముందు దీని గురించి ఆలోచిస్తాడా అని రోజూ ఆ రోడ్డు మీద నడుస్తూ అనుకుంటాను. వాళ్ళకు ఊరంతా గోడలే కదా.

మా షాపులో బుజ్జమ్మక్క ఉండేది. యాభై నాలుగేళ్ళు, ఇరవై రెండేళ్ళ సర్వీసు. గద్వాల చీర మడత విప్పకుండానే చేత్తో తడిమి నూలు ఎన్నో నంబరుదో చెప్పేది. చదువు రాదు. కానీ ఈ చుట్టుపక్కల ఏ ఆడదానికి ఎక్కడ చోటు దొరుకుతుందో మొత్తం ఆమె తలలో ఉండేది. ఎవరికైనా పొట్ట బిగిసి మొహం పాలిపోతే బుజ్జమ్మక్క చెవిలో ఒక మాట చెప్పేది. "చిరాగలీ లేన్‌ల పండ్లు పీకే దవాఖాన, రెండో మెట్ల వరస. కౌంటర్ల ఆడపిల్ల కూసున్ననాడే పో, మొగపిలగాడుంటే పోకు." ఆమె చెప్పిన చోటికి పోతే చోటు ఉండేది.

శ్రావణమాసం, పెళ్ళిళ్ళ రద్దీ. ఆ రోజే ఒకే ఇంటి నుంచి ఏడుగురు వచ్చి బుజ్జమ్మక్క కౌంటర్ ముందు కూర్చున్నారు. మూడు గంటలు. అరవై చీరలు విప్పించారు. ఆమెకు అన్నం టైం దాటిపోయింది. రెండుసార్లు శ్యామ్‌సుందర్ సార్ వైపు చూడటం నేను చూశాను. రెండుసార్లూ ఆయన అరచెయ్యి చూపించాడు, ఆగమని. పార్టీ పెద్దది. మూడోసారి ఆమె చూడలేదు. కదలకుండా నిలబడిపోయింది. తర్వాత ఆమె కుచ్చిళ్ళ కింద, తెల్లటి బండల మీద తడి పాకడం కనిపించింది. ఆ క్షణంలో బుజ్జమ్మక్క చేసిన పని ఒక్కటే. చేతిలో ఉన్న పట్టుచీర తడిసిపోకుండా రెండు చేతులతో తలపైకి ఎత్తి పట్టుకుంది.

ఏడుగురూ ముక్కుకు కొంగులు పెట్టుకుని లేచారు. సార్ పరుగెత్తుకొచ్చి వాళ్ళను పై అంతస్తుకు తీసుకుపోయాడు. తిరిగొచ్చి ఆమె మొహం చూడకుండా అన్నాడు, "పెద్దమనిషివి. మా ఇజ్జత్ తీసినవ్. రేపట్నుంచి రాకు." నేను బట్ట తెచ్చి బండలు తుడిచాను. తుడవడం తప్ప ఏమీ చెయ్యలేదు. ఒక్క మాట అనలేదు. పదిమందిమి ఉన్నాం, పదిమందిమీ ఎవరి కౌంటర్ వాళ్ళం సర్దుకున్నాం. అక్కడ సిగ్గుపడాల్సింది బుజ్జమ్మక్క కాదు, మేము. అది తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నాకప్పుడు అన్నం అరగంట మొదలైంది. ఆమె ఇంటి చీర కట్టుకుని, తడి చీర కవర్లో చుట్టుకుని బయటికొస్తే వెంట నడిచాను. ఏడవలేదామె. గన్‌ఫౌండ్రీ మలుపుదాకా గబగబా నడిచింది.

"అక్కా, నువ్వు పోతే మాకు జాగలెవరు చెప్తరు?" అన్నాను. ఓదార్పు మాట అనబోయి నోటికొచ్చింది అదే. ఎంత స్వార్థం మనిషికి!

ఆమె ఆగింది. కోపం వస్తుందనుకున్నాను. నా చేతిలో ఫోన్ వైపు చూసి, "దాంట్ల తొవ్వలు కనవడ్తయంట గదా. దాంట్ల పెట్టుకో. నాకు చెప్పరాదు గని చూపిస్త" అంది. అంతే, పని పోయిన మనిషి, తడి చీర చంకలో పెట్టుకుని, నాంపల్లి స్టేషన్‌దాకా నాకు చూపిస్తూ నడిచింది. "బోర్డులు చూడకు, మెట్లు లెక్కవెట్టు. గీడ పొద్దున పదకొండు దాకనే. గాడ నీళ్ళుండవు, చెంబు తీస్కపో. గా బిల్డింగుల వాచ్‌మెన్ ముసలాయన దేవుడసొంటోడు, తలకాయ పక్కకు తిప్పుకుంటడు." సుల్తాన్ బజార్‌లో ఒకటి, బషీర్‌బాగ్‌లో రెండు, నడుస్తూనే నోటితో చెప్పింది. మొత్తం తొమ్మిది. ఇరవై రెండేళ్ళలో ఒక ఆడమనిషి కష్టపడి కనుక్కున్నవి తొమ్మిది.

ఆదివారం మనస్వినిని అడిగాను, మ్యాపులో లేని చోటును ఎట్లా పెట్టాలని. "గింతేనా" అంది. చోటు మీద వేలితో గట్టిగా నొక్కి పట్టుకుంటే ఎర్రగుర్తు పడింది. కింద పేరు రాయమని గడి వచ్చింది. నా వేలు అక్కడ ఆగిపోయింది. ఆ మాట ఇంట్లోనే చెప్పలేనిదాన్ని, ఊరందరికీ కనిపించేలా ఎట్లా రాయను? అది నా మొహం చూసి, ఫోన్ లాక్కుని, టకటకా 'లేడీస్ టాయిలెట్' అని కొట్టేసింది. "దాంట్ల సిగ్గేముందమ్మా" అని, మళ్ళీ తలెత్తకుండానే, "మా బడికాడ పెడ్దామంటే ఒక్కటి గూడ లేదు" అంది. నాకు గులాబీరంగు సీసా గుర్తొచ్చింది.

మిగతా ఎనిమిదీ నేనే పెట్టాను. కింద వివరాలకు జాగా ఉంటే రాయడం మొదలుపెట్టాను, ఇక చెయ్యి ఆగలేదు. 'లోపల గొళ్ళెం ఉంది, గట్టిదే. బ్యాగు తగిలించుకోవడానికి మేకు ఉంది. మధ్యాహ్నం రెండు దాటితే తాళం. నెలసరి బట్ట పారేయడానికి డబ్బా లేదు, కాగితం వెంట తెచ్చుకోండి. లైటు లేదు, కానీ భయం లేదు, ఎదురుగా పూలమ్మే అవ్వ ఉంటుంది.' బడి మానేశాక నేను ఇంత రాయడం అదే. మూడురోజులకు ఒక్కొక్కటే మ్యాపులో నిలబడ్డాయి. మా షాపులో పిల్లలు అన్నం అరగంటలో చూసుకుని పోయి రావడం మొదలుపెట్టారు. రెండు వారాలకు ఎవరెవరో రాశారు. పరీక్ష రాయడానికి వచ్చిన ఒక పిల్ల, దవాఖానకు వచ్చిన ఒక బాలింత, జొన్నరొట్టెలు అమ్మే ఒకామె కొడుకుతో రాయించింది. చదువుతుంటే ఎన్నాళ్ళకో నేనూ ఒక మనిషిననిపించింది. ఆ సంతోషంలో ఒక చిన్న సంగతి సరిగా పట్టించుకోలేదు. ఆ రాతలన్నీ ఒకే రకంగా మొదలయ్యేవి. 'థాంక్యూ సురేందర్ అన్నా.'

ఫోన్ ఆయన పాతది కదా, లోపల ఖాతా ఆయన పేరు మీదే ఉంది. మనస్వినికి అది కనిపించే ఉంటుంది. కానీ మా ఇంట్లో గ్యాసుబుక్కు నుంచి కిరాయి కాగితం దాకా, చివరికి నా బస్తీ దవాఖాన చీటీ మీద ఫలానావారి భార్య అనే దాకా, అన్నీ ఆయన పేరు మీదే నడుస్తాయి. ఇదీ ఆయన పేరు మీదుంటే దానికీ వింతనిపించలేదు, నాకూ అనిపించలేదు.

ఒక సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి సురేందర్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. చెప్పులు విప్పనివ్వలేదు.

"ఏందిది?" ఫోన్ నా మొహానికి పెట్టాడు. నాలుగు వేలమందికి మీరు సాయపడ్డారని యాప్ ఆయనకు ఉత్తరం పంపింది. కింద తొమ్మిది ఎర్రగుర్తులు. "ఆఫీసుల కిషన్ సార్ పది మంది ముంగట చదివిండు. 'ఏంది సురేందర్, ఆడోళ్ళ బాత్రూములన్ని సర్వే చేస్తున్నవా, లోపల మేకుల సంగతి గూడ నీకెట్ల ఎరుక' అన్నడు. అందరు నవ్విన్రు. నా ఇజ్జత్ ఏంగావాలె?"

ఆయన మొహం నిజంగా ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళున్నాయి. నాకు జాలేసింది, అబద్ధం చెప్పను. ఒక్కరోజు, ఒక్క నవ్వుకు ఈయనకింత కష్టమైతే బుజ్జమ్మక్కకు ఎంత కావాలి?

"తెల్వక మీ పేరు మీద పడ్డది. జర వినున్రి, షాపుల పిల్లలకు గవే ఆధారమైనయి. పేరు మారుస్త, గవి తియ్యకున్రి" అన్నాను. బతిమాలాను. చేతులు కూడా పట్టుకున్నాను. బుజ్జమ్మక్క గురించి చెప్పాను, నా కిడ్నీ గురించి చెప్పాను. పదిహేడేళ్ళలో అంతసేపు నేను మాట్లాడింది అదే. ఆయన వినలేదని అనను, విన్నాడు. విని, "నీకు గంత కష్టమైతే పని బంద్ చెయ్. ఎవలు పొమ్మన్నరు?" అన్నాడు. ఇంటి కిరాయి నా జీతంలోంచే పోతుందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు, మా అత్తకూ తెలుసు.

మంచం మీద కూర్చుని ఆయనే తీసేశాడు, ఒక్కొక్కటే. ఎందుకు తీస్తున్నారో చెప్పమని యాప్ అడిగింది. వచ్చిన కారణాల్లోంచి ఆయన ఒకటి ఎంచుకున్నాడు. 'ఇక్కడ అలాంటి స్థలం లేదు.' తొమ్మిదిసార్లు నొక్కాడు. ముసలి వాచ్‌మెన్ ఉన్న బిల్డింగు లేదు, పూలవ్వ ఎదుటిది లేదు, చిరాగలీ లేన్ రెండో మెట్ల వరస లేదు. నేను పక్కనే నిలబడి చూశాను. నా అవసరం లేదు, నా నొప్పి లేదు, నేను ఈ ఊళ్ళో లేను. అప్పుడు నాకు చచ్చిపోవాలనిపించింది. కోపం కూడా రాలేదు, అంత అలసట. వంటింట్లోకి పోయి బియ్యం కడుగుతూ ఎంతసేపు ఏడ్చానో తెలియదు.

అత్త వచ్చి గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. నన్ను తిడుతుందనుకున్నాను.

"గవన్ని పోయినయా?" అంది.

"పోయినయత్తమ్మా."

చీరకొంగుతో మోకాలు రుద్దుకుంది. "మేము ఆపుకున్నమని గొప్పగ చెప్తగని, చీకటి ఎప్పుడైతదా అని ఏడ్సుకుంట కూసునేటోల్లం. మా యారాలు, మీ చిన్నమామ పెండ్లాం, గా రోగంతోనే పోయింది. రోగం పేరు గూడ ఎవలకు చెప్పలే." లేచి, కుండలోంచి చెంబు నిండా నీళ్ళు ముంచి నా పక్కన పెట్టింది. "ఫోన్లకెల్లి పోతే పోయినయి. నీకు యాదికున్నయి గదా?"

ఉన్నాయి. తొమ్మిదీ ఉన్నాయి.

మర్నాడు పొద్దున మూడు సీసాలు నింపాను. నాది అంచుదాకా నింపాను. సురేందర్ చూసి, మొహం తిప్పుకుని తన సీసా బ్యాగులో పెట్టుకున్నాడు. రైలు బోరబండ దాటగానే ఫోన్‌లోంచి ఆయన ఖాతా తీసేశాను. కొత్తది తెరిస్తే పేరు అడిగింది. జమున అని రాశాను. ఇంటిపేరు అడిగింది, ఏది రాయాలో తేల్చుకోలేక వదిలేశాను, అయినా ఒప్పుకుంది. నాంపల్లి వచ్చేలోపు తొమ్మిదీ మళ్ళీ పెట్టాను, మేకులతో సహా. ధైర్యం వచ్చిందని అనుకోకండి. నా దగ్గర పోగొట్టుకోవడానికి మిగిలింది ఒక కిడ్నీ మాత్రమే, అది ఇవ్వదలచుకోలేదు.

పదిన్నరకు కౌంటర్ దగ్గర సీసా తీశాను. మూత పక్కన పెట్టాను. బుజ్జమ్మక్క బదులు కొత్తగా చేరిన పిల్ల నా చెయ్యి పట్టుకుంది, మూతతోనే తాగాలని మేమే నేర్పాం కదా. ఆ చెయ్యి మెల్లగా తీసి, సీసా ఎత్తి, ఆపకుండా తాగాను. లీటరు నీళ్ళు గొంతులోంచి దిగుతుంటే కళ్ళు మూసుకున్నాను. ఎంత చల్లగా ఉన్నాయో. నీళ్ళకు రుచి ఉంటుందని ఎన్నేళ్ళకు గుర్తొచ్చిందో. షాపులో పదిమందీ నావైపు చూస్తున్నారు.

పదకొండున్నరకు పొట్ట బిగిసింది. శ్యామ్‌సుందర్ సార్ కెమెరాల ముందు కూర్చుని ఉన్నాడు. నేను ఆయన్ను అడగలేదు. మెట్లెక్కి ఎడమచేతివైపు తిరిగాను, ఇత్తడి అక్షరాలున్న తలుపు తోసి లోపలికెళ్ళి గొళ్ళెం పెట్టుకున్నాను. మల్లెల వాసన. ఐదేళ్ళుగా దారి చూపిస్తున్నాను, లోపల ఎట్లా ఉంటుందో ఊడ్చే మనిషి తలుపు తీసినప్పుడు చూడటమే తప్ప కూర్చున్నది లేదు. పని కానిచ్చాను. మంట ఉంది, కానీ ఓర్చుకోదగ్గ మంట. తర్వాత వెంటనే లేవలేదు. ఫోన్ తీసి మ్యాపు తెరిచాను. నేనున్న చోట చుక్క మెరుస్తోంది, ఇప్పుడది నాకు మాత్రమే కనిపించే చుక్క. దాని మీద వేలితో నొక్కి పట్టుకున్నాను. ఎర్రగుర్తు పడింది.

సురేందర్ నుంచి ఫోన్ వచ్చింది. నేనెక్కడున్నానో ఆయనకు కనబడి ఉండదు. అది మోగి మోగి ఆగిందాకా ఆగి, మళ్ళీ రాయడం మొదలుపెట్టాను. 'లేడీస్ టాయిలెట్, మొదటి అంతస్తు. శుభ్రంగా ఉంది. గొళ్ళెం గట్టిది. నీళ్ళు, సబ్బు, అద్దం ఉన్నాయి. ఈ షాపులో నిలబడి చీరలు అమ్మే పదకొండుమంది ఆడవాళ్ళను ఇందులోకి రానివ్వరు. పోయిన శ్రావణంలో బుజ్జమ్మ అనే ఆమె పని ఇందుకే పోయింది.' ఇది నొక్కితే రేపు నాకీ పని ఉండదు. కిరాయి ఎవరు కడతారో తెలియదు, సురేందర్ ఏమంటాడో తెలుసు. ఇంకో షాపులోనూ ఇట్లాంటి తలుపే ఉంటుందనీ తెలుసు. పంపు అన్న చోట నొక్కాను. పక్కనే ఇది చేర్చింది జమున అని పడింది.

బయట తలుపు మీద దబదబా చప్పుడైంది. మెట్ల మీద ఎవరో పరుగెత్తుకొచ్చిన అడుగులు, ఇంకా కొన్ని అడుగులు. శ్యామ్‌సుందర్ సార్ గొంతు.

"లోపలెవరు? కస్టమరా?"

"కాదు సార్, నేను జమునను" అన్నాను. "జర టైం పడ్తది."